ఇరవై అంతస్తుల ఓడ ఒరిగిపోదా? (మా అమ్మ అడిగిన ప్రశ్న)

పెన్నాగట్టు | నెల్లూరు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ వేసవికి ఓడ ప్రయాణం చేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. చెన్నై నుంచి సింగపూర్‌కి విమానం, అక్కడ నాలుగు రాత్రుల ఓడ. డిస్నీ వాళ్లు సింగపూర్ కోసమే పెట్టిన అడ్వెంచర్ అనే ఓడను చూస్తున్నాం. మేం నలుగురం, తమ్ముడి వాళ్లు ముగ్గురు, మా అమ్మ. ఎనిమిది టిక్కెట్లు.

అంతా సజావుగా పోతుండగా మా చిన్నోడు ఫోన్‌లో ఓడ ఫొటో వాళ్ల నాయనమ్మకు చూపించాడు. అక్కడ చెడింది. "ఏందిరా ఇది, మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంటును ఎత్తి నీళ్లలో పెట్టినట్టుంది. గాలొస్తే పడిపోదా?" అంది. సర్దిచెప్పబోయి నేనే తెల్లమొహం వేశాను. నెట్‌లో చూస్తే ఐకాన్ ఆఫ్ ద సీస్ అని ఇంకా పెద్దది ఉంది. 365 మీటర్ల పొడుగు, 20 డెక్కులు, అంటే అంతస్తులు. నీళ్లలోకి దిగేది మాత్రం తొమ్మిది మీటర్ల చిల్లరే! ఇదెట్లా నిలబడుతుంది? తెలిసినవాళ్లు అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పండి. ఫార్ములాలు వద్దు.

---

ఒంగోలుగిత్త | ఒంగోలు | 9:20

మీ అమ్మగారు ఇంజనీరు కావాల్సింది. ఆ ఫొటో చూసి మేమంతా స్విమ్మింగ్ పూల్ ఎక్కడుందని వెతుకుతాం.

---

లెక్కల_మాస్టారు | కావలి | 9:58

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఐకాన్ బరువు 2,48,663 టన్నులని పేపర్లలో వేస్తారు. అది బరువు కాదు. గ్రాస్ టన్నేజి అంటే ఓడ లోపల మూసి ఉన్న జాగా ఎంత అన్న లెక్క, అంటే ఘనపరిమాణం. టన్ను అన్న మాట చూసి విలేఖరులు కూడా పొరబడతారు. ఆ అంకె నుంచి వెనక్కి లెక్కేస్తే లోపలి జాగా సుమారు 7.8 లక్షల ఘనపు మీటర్లు వస్తుంది.

మరి నిజమైన బరువు? పొడుగు 365, నీటిమట్టం దగ్గర వెడల్పు 48, లోతు 9 మీటర్లు వేసుకోండి. ముందూ వెనకా సన్నగా ఉంటుంది కాబట్టి మూడో వంతు దాకా కోసేయండి. లక్ష టన్నుల చుట్టుపక్కల తేలుతుంది. ఇది నా చిత్తుకాగితం లెక్క, కంపెనీ ఇచ్చింది కాదు. చెప్పొచ్చేదేమిటంటే చూడ్డానికి ఎంత కనపడుతుందో అంత బరువు లేదు. పైన ఉన్నదంతా చాలావరకు గాలి. గదులు, నడవాలు, హాళ్లు.

వరిగడ్డి వేసుకుని పోయే ట్రాక్టరు గుర్తు తెచ్చుకోండి. ఇల్లంత కనిపిస్తుంది కానీ బరువు ఎంతని?

---

ఒంగోలుగిత్త | 10:03

మాస్టారూ, వరిగడ్డి ట్రాక్టర్లే గదా మా రోడ్డు మీద వారానికొకటి పడేది.

---

లెక్కల_మాస్టారు | 10:11

పడుతుంది. ఎందుకంటే దాని కింద ఏమీ లేదు, చక్రాల మధ్య ఎడం తక్కువ. అదే ట్రాలీ అడుగున ఇసుక బస్తాలు పరిచి, పైన గడ్డి వేసి, ట్రాలీ వెడల్పు రెట్టింపు చేయండి. అప్పుడు పడేయండి చూద్దాం. ఓడలో ఇసుక బస్తాల స్థానంలో ఇంజన్లు, ఇంధనం, మంచినీళ్ల ట్యాంకులు, బరువు కోసమే నింపే బ్యాలస్ట్ నీళ్లు ఉంటాయి. అన్నీ అట్టడుగునే.

---

కొత్తపట్నం_నావ | కొత్తపట్నం | రాత్రి 11:40

మాస్టారు చెప్పింది నేను ఒంటి మీద నేర్చుకున్నాను. మాది ఫైబర్ పడవల పని. కొన్నేళ్ల కిందట మా బాబాయికి ఒక ఆలోచన వచ్చింది. బీచికి వచ్చే జనాన్ని తిప్పితే నాలుగు డబ్బులొస్తాయని చేపల పడవ మీద ఇనప గొట్టాలతో పందిరి వేసి, పైన రేకు కప్పించాడు. అది చాలదన్నట్టు అడుగున ఉండే ఐస్ పెట్టెను జాగా కోసం పైకి మార్చాడు. "బాబాయ్, వద్దు" అన్నాను. వినలేదు.

మొదటి రోజు జనాన్ని ఎక్కించకముందే ఊరికే తిప్పి చూద్దామని దిగాం. అల పెద్దదేమీ కాదు. మామూలుగా మా పడవ ఒరిగితే టక్కున లేస్తుంది, నడుము నొప్పి పుట్టేంత టక్కున. ఆ రోజు ఒరిగింది, ఒరిగి అట్లాగే ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఆ రెండు క్షణాలు నేను మర్చిపోను. తర్వాత మెల్లగా లేచింది. బాబాయి మారుమాట్లాడకుండా గట్టుకు తిప్పాడు. ఆ సాయంత్రమే గొట్టాలు కోసేశాం. ఆ రేకు ఇప్పుడు మా కోళ్ల గూటి మీద ఉంది.

కాబట్టి పెన్నాగట్టు అన్నా, అమ్మ భయం ఉత్తది కాదు. పైబరువు పెరిగితే ఏ పడవైనా పడుతుంది. పెరగనీయకుండా చూడటమే వాళ్ల పని.

---

బోగోలు_కుర్రోడు | బోగోలు (ఇప్పుడు వేరే దేశంలో) | ఆదివారం ఉదయం 5:35

నైట్ డ్యూటీ దిగి ఈ చర్చ చూశాను, నిద్ర ఎగిరిపోయింది. నేను యూరప్‌లో ఓడలు కట్టే ఒక పెద్ద యార్డులో కాంట్రాక్టరు కింద కేబుళ్ల పనిలో ఉన్నాను. యార్డు పేరు అడగొద్దు, ఉద్యోగం కావాలి.

నావ అన్న చెప్పిన ఆ "ఆగి ఆలోచించడం" గురించే ఇక్కడ పెద్ద పరీక్ష ఉంది. ఓడ దాదాపు పూర్తయ్యాక, గాలి లేని రోజు చూసి, నీళ్లలో వదులుగా కట్టి, బరువు తెలిసిన దిమ్మల్ని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుతారు. లోపల పైనుంచి పొడవాటి తీగకు గుండు వేలాడదీసి ఉంటుంది, మన మేస్త్రీలు గోడకు వేలాడదీస్తారే, అదే. దిమ్మ జరిగినప్పుడు ఆ గుండు ఎన్ని మిల్లీమీటర్లు పక్కకు పోయిందో స్కేలు పెట్టి కొలుస్తారు. గుండు ఊగిసలాడకుండా కింద నూనె తొట్టిలో ముంచుతారు. ఆ కాస్త కదలిక నుంచి మొత్తం ఓడ బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉందో లెక్క తీస్తారు. పనిలేని జనాన్నంతా ఓడ దింపేస్తారు, అటూ ఇటూ నడిస్తే లెక్క చెడుతుందని. కొన్ని వేల కోట్ల ఓడ, చివరికి ఒక తాడు, ఒక గుండు! నాకు మొదట నవ్వొచ్చింది.

ఇంకోటి. పై డెక్కులకు వాడే ఉక్కు రేకు అయిదారు మిల్లీమీటర్లే. అడుగున చాలా మందం, పైకి పోయేకొద్దీ సన్నం. సన్నటి రేకును వెల్డింగ్ చేస్తే వేడికి అప్పడంలా వంకర పోతుంది. అందుకే జర్మనీలో పాపెన్‌బుర్గ్ ఊళ్లోని మేయర్ వెర్ఫ్ట్ లాంటి చోట్ల లేజర్ కలిపిన వెల్డింగ్ వాడతారు, వేడి తక్కువ తగులుతుంది. మా దగ్గర ఎవరైనా పై డెక్‌లో గీసిన దానికన్నా బరువైన బ్రాకెట్ బిగిస్తే పెద్ద గొడవే. ఒక్కో సామాను బరువు రాసుకుంటూ పోతారు.

---

పెన్నాగట్టు | ఉదయం 8:05

తమ్ముడూ, నిద్ర చెడగొట్టినందుకు సారీ. కానీ ఇంకా చెప్పు. గదులన్నీ ఓడలోనే కడతారా? మా ఇంటి పై అంతస్తు ఏడాదిన్నర నుంచి లేస్తూనే ఉంది. ఇవి వేల గదులు.

---

బోగోలు_కుర్రోడు | మధ్యాహ్నం 2:50

ఓడలో కట్టరన్నా. గదిని ఫ్యాక్టరీలో చేసి తెస్తారు. మంచం, బాత్రూం, అద్దం, స్విచ్చులు అన్నీ బిగించిన డబ్బాగా వస్తుంది. ఓడ పక్కగోడలో ఒక కంత వదులుతారు. క్రేన్‌తో ఆ ఎత్తుకు లేపి, లోపలికి దించి, చక్రాల మీద తోసుకుంటూ పోతాం. అలమరలో సొరుగు తోసినట్టే. జాగాలో కూర్చున్నాక నడవా వైపు నుంచి నీళ్లు, కరెంటు, ఏసీ, వ్యాక్యూమ్ టాయిలెట్ గొట్టం కలుపుతాం. నేను కలిపేది కరెంటు. ఫిన్లండ్‌లోని టుర్కు యార్డుకైతే పీక్కియో అనే ఊళ్లో గదులు చేసే ఫ్యాక్టరీయే ఉంది.

ఓడ కూడా అంతే. కింది నుంచి పైకి ఇటుక మీద ఇటుక పేర్చరు. వందల టన్నుల దిమ్మలుగా షెడ్డుల్లో చేసి, గొట్టాలూ కేబుల్ ట్రేలూ ముందే బిగించి, డ్రై డాకులో, అంటే నీళ్లు తోడేసిన పెద్ద గుంటలో, ఒకదానికొకటి అతికిస్తారు. ఐకాన్‌కు టుర్కులో 2021 జూన్‌లో మొదటి ఉక్కు కోశారు, 2023 నవంబరులో ఓడ అప్పజెప్పారు. రెండున్నరేళ్లు! దాని ముందు భాగంలో ఆక్వాడోమ్ అని గాజు గోళం లాంటిది ఉంటుంది, 363 టన్నులు. దాన్ని కూడా పక్కన కట్టి ఒకేసారి ఎత్తి పెట్టారు.

మొదటి దిమ్మ కూర్చోబెట్టేటప్పుడు దాని కింద నాణేలు పెడతారు. మన ఇంటి శంకుస్థాపనలో నవరత్నాలు వేసినట్టే. తెల్లోళ్లకు సెంటిమెంట్లు లేవని ఎవరన్నారు?

---

గెలాక్సీ_రాయి | చీమకుర్తి | మధ్యాహ్నం 3:30

నా స్వార్థం ఒకటి అడుగుతా. ఆ ఓడల హాళ్లలో నేల మెరిసిపోతోంది. మన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పోతుందా వాటిలోకి? ఎవరైనా చూశారా? ఒక్క ఓడ ఆర్డర్ తగిలితే చాలు.

---

బోగోలు_కుర్రోడు | 3:52

అన్నా, నువ్వు పంపే స్లాబు 20 మిల్లీమీటర్లు ఉంటుంది గదా. చదరపు మీటరుకు యాభై కిలోలు దాటుతుంది. పన్నెండో డెక్ మీద హాలు మొత్తం అది పరిస్తే పైన చెప్పిన గుండు పక్కకు పోతుంది. ఓడలో రాయి కావాలంటే కొన్ని మిల్లీమీటర్ల పొరగా కోసి, వెనక అల్యూమినియం తేనెపట్టు షీటుకు అతికించిన పలకలు వాడతారు. చూడ్డానికి రాయే, ఎత్తితే తలుపు చెక్కంత. అగ్నిపరీక్ష కూడా పాస్ కావాలి, అంటే నిజంగా కాల్చి చూస్తారు.

---

గెలాక్సీ_రాయి | 4:01

పొరగా కోయడం మాకు చేతగాక కాదు. తేనెపట్టు షీటు దగ్గరే ఆగిపోయాం. సరే, ఆశ చావలేదు.

---

ఉలవపాడు_మామిడి | ఉలవపాడు | సాయంత్రం 6:15

నేను నాలుగు కాంట్రాక్టులు క్రూజ్ ఓడల్లో హౌస్‌కీపింగ్ చేసి వచ్చినవాడిని. కంపెనీల పేర్లు వదిలేద్దాం. ఇంజనీర్లు ఓడ పడకుండా చూస్తే, మేం ఓడలో కుటుంబాలు కొట్టుకోకుండా చూసేవాళ్లం. నవ్వులాటకు అనడం లేదు. పొద్దున ఏడున్నరకు ఒక గదిలో నలుగురు, ఒక బాత్రూం, ఎనిమిదింటికి టిఫిన్. ఆ అరగంటలో తలుపు బయటికి వినపడే మాటలు ఏ భాషలోనైనా ఒకటే.

దానికి డిస్నీ వాళ్లు 1998లో వచ్చిన మొదటి ఓడ మ్యాజిక్‌లోనే ఒక ఉపాయం చేశారు. బాత్రూంను రెండుగా విడగొట్టారు. ఒకదాంట్లో కమోడ్, సింకు. పక్కదాంట్లో స్నానం, ఇంకో సింకు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు పళ్లు తోముకోవచ్చు. చిన్న మార్పు. కానీ వందల గదులకు రెండో తలుపు, రెండో సింకు, రెండో గొట్టం అంటే ఎంత జాగా, ఎంత బరువు! అయినా పెట్టారంటే ఆ అరగంట విలువ వాళ్లకు తెలుసు.

కొత్త ఓడల్లో ఇంకో మార్పు వచ్చింది. పాతవాటిల్లో పిల్లల క్లబ్బు ఎక్కడో మూల, పెద్దల కుర్చీలు ఇంకో చివర, తిండి ఇంకో డెక్. చంటిబిడ్డ తల్లి రోజంతా లిఫ్టుల దగ్గరే. ఐకాన్‌లో సర్ఫ్‌సైడ్ అని ఒక పేట పెట్టారు, ఆరేళ్లలోపు పిల్లలున్నవాళ్ల కోసం. పిల్లల నీళ్లు, ఆ పక్కనే పెద్దలు కూర్చుని చూసే జాగా, ఆ పక్కనే తిండి. మన పల్లెల్లో రచ్చబండ, బావి, అంగడి ఒక్కచోటే ఉన్నట్టు. డిస్నీ విష్ అనే ఓడలోనైతే పెద్ద హాల్లోంచి పిల్లల క్లబ్బులోకి జారుడుబల్ల ఉంది. పిల్లవాడు ఏడవకుండా క్లబ్బుకు పోతాడు, జారి పోతాడు కాబట్టి. తిరిగి పైకి రానంటాడు, అది వేరే సంగతి.

అన్నట్టు, పెన్నాగట్టు గారూ, మీరు చూస్తున్న ఓడ మధ్యలో ఎక్కడా ఆగదు. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగడం. అంటే ఓడే ఊరు. అలాంటిదాంట్లో మనుషులు ఎక్కడ గుమిగూడతారో ముందే ఊహించి కట్టకపోతే రెండో రోజుకే విసుగు.

---

పెన్నాగట్టు | సాయంత్రం 6:40

ఆ ఓడకు ఏదో పాత కథ ఉందని తమ్ముడు అంటున్నాడు. ఎవరో కట్టి వదిలేసిందంట. నిజమేనా? ఈ మాట అమ్మ చెవిన పడితే అయిపోయినట్టే.

---

బోగోలు_కుర్రోడు | రాత్రి 8:20

నిజమే, కానీ భయపడేది కాదు. గ్లోబల్ డ్రీమ్ అనే పేరుతో జర్మనీలో విస్మార్ యార్డులో మొదలైంది. తొమ్మిది వేల పైచిలుకు మందిని ఎక్కించాలని గీసిన ఓడ. కరోనా దెబ్బకు 2022 జనవరిలో ఆ యార్డు కంపెనీ దివాలా తీసింది. అప్పటికి చాలావరకు కట్టేశారు. తుక్కుకు పోతుందన్న మాటలు కూడా నడిచాయి. ఆ ఏడు నవంబరులో డిస్నీ కొనింది. లోపల గీతలు మార్చి, జనాన్ని ఆరు వేల పైచిలుకుకు తగ్గించి, అక్కడే పూర్తి చేయించింది. టన్నేజి 2,08,000.

స్లాబులు పడి ఆగిపోయిన అపార్ట్‌మెంటును ఇంకొకరు కొని, ఫ్లాట్లు తగ్గించి, హాళ్లు పెద్దవి చేసినట్టు. అదే చట్రంలో తక్కువ మంది ఎక్కితే మనిషికి జాగా ఎక్కువ. కొనేవాడికి నష్టమేమో కానీ ఎక్కేవాడికి లాభం.

---

నీలి_తీరం | కోడూరు | రాత్రి 9:30

అందరూ పొగుడుతున్నారు, నేనొక్కడినే చేదు మాట చెబుతా. కొత్త ఓడలు చాలా ఎల్‌ఎన్‌జీతో నడుస్తాయి, శుభ్రమైన ఇంధనం అని బోర్డు పెడుతున్నారు. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవం చేసిన సహజవాయువు అది. పొగలో గంధకం, మసి దాదాపు ఉండవు. అంతవరకు ఒప్పుకుంటా, రేవు పక్కన ఉండేవాళ్లకు మేలే. కానీ అందులో ఉండేది మీథేన్. ఇంజన్‌లో పూర్తిగా కాలకుండా కొంత గొట్టం దాటిపోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. సిగరెట్టు మానేసి చుట్ట పట్టినట్టుంది నాకు.

---

లెక్కల_మాస్టారు | 9:47

చుట్ట పోలిక కాస్త ఎక్కువైంది కానీ మాట నిజం. ఏ ఇంజన్ పెట్టారన్నదాన్ని బట్టి ఆ లీకు మారుతుంది. అది తగ్గించడం ఇప్పుడు ఇంజన్ తయారీదారుల మెడ మీద కత్తి.

---

ముత్తుకూరు_టగ్గు | ముత్తుకూరు | రాత్రి 10:30

రేవులో పెద్ద ఓడల్ని లాగి, తోసే టగ్గు పడవ మీద పద్నాలుగేళ్లు చేశాను. అమ్మ గాలి గురించి అడిగింది, ఎవరూ గాలి ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటా.

కృష్ణపట్నానికి వచ్చే పెద్ద బొగ్గు ఓడలు నిండుగా ఉంటే నీళ్లలో చాలా లోతుకు దిగి ఉంటాయి, పైకి కనపడేది తక్కువ. మెడదాకా నీళ్లలో ఉన్న బర్రెలాగా. గాలి దాన్ని ఏమీ చేయలేదు. క్రూజ్ ఓడ దానికి సరిగ్గా తలకిందులు. కింద తొమ్మిది మీటర్లు, పైన గోడ. 365 మీటర్ల పొడుగు గోడకు గాలి కొడితే అది తెరచాపే. నడి సముద్రంలో ఓడను పడేయడానికి ఆ గాలి చాలదు, కాస్త ఒరుగుతుంది అంతే. అసలు తలనొప్పి రేవులోకి వచ్చేటప్పుడు. మెల్లగా నడుస్తుంటే చుక్కానికి పట్టు ఉండదు, గాలి పక్కకు తోసేస్తుంది.

దానికే కొత్త ఓడల వెనక అజిపాడ్‌లు ఉంటాయి. మోటారు ఓడ లోపల కాదు, కిందకు వేలాడే తొట్టిలో ఫ్యానుతో సహా ఉంటుంది, ఆ తొట్టి మొత్తం గుండ్రంగా తిరుగుతుంది. చుక్కాని అక్కరలేదు. ముందు భాగంలో పక్కలకు తోసే థ్రస్టర్లు. రెండూ కలిస్తే ఓడ పీత నడిచినట్టు పక్కకు నడుస్తుంది. చాలాసార్లు టగ్గు కూడా అక్కరలేదు, మా పొట్ట కొట్టారు. గాలి మరీ ఎక్కువైతే కెప్టెన్ రేవులోకి రాడు, బయటే ఉంటాడు. మొండికేయకపోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంకొకటి, ఓడ మధ్యలో రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి బయటికి చాస్తారు, స్టెబిలైజర్లు. అల ఒరగదోస్తుంటే రెక్క కోణం మార్చి ఎదురు తోస్తుంది. ఓడ కదులుతున్నప్పుడే బాగా పనిచేస్తుంది. కాఫీ కప్పు ఒలకకపోవడం వాటి చలవే.

---

కొత్తపట్నం_నావ | 10:44

టగ్గు అన్నా, పైన ఏడు పూల్స్ ఉన్నాయంటున్నారు ఐకాన్‌లో. పడవలో నీళ్లు చేరితే నాకు ఏడుపొస్తుంది, వీళ్లు కావాలని నెత్తిన పోసుకుంటున్నారే.

---

లెక్కల_మాస్టారు | 11:02

మంచి ప్రశ్న. నీళ్ల బరువు కన్నా నీళ్ల కదలిక ప్రమాదం. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే నీళ్ల ట్యాంకరు చూడండి. నిండుగా ఉంటే మలుపులో నిమ్మళంగా తిరుగుతుంది. ఖాళీదైనా అంతే. సగం నీళ్లుంటేనే డ్రైవరు స్లో చేస్తాడు, ఎందుకంటే బండి ఒరిగిన వైపుకే నీళ్లు పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. అందుకే ట్యాంకరు లోపల అడ్డగోడలు పెడతారు. ఓడలో కూడా పెద్ద చెరువు ఒకటి పెట్టకుండా చిన్నచిన్న పూల్స్‌గా విడగొడతారు. నీళ్లు అటూ ఇటూ పోవడానికి జాగా తక్కువైతే ఆ దెబ్బ చాలా తగ్గిపోతుంది. సముద్రం బాగా లేకపోతే పూల్స్ మూసేస్తారు, అవసరమైతే నీళ్లు వదిలేస్తారు.

---

ఉలవపాడు_మామిడి | 11:15

వదిలేస్తారు. ఆ రోజు పిల్లల ఏడుపు మేం విన్నాం.

---

ఒంగోలుగిత్త | సోమవారం ఉదయం 7:30

ఇవన్నీ బాగున్నాయి గానీ మనం ఎందుకు కట్టకూడదు? రామాయపట్నం రేవు కడుతున్నారు, దుగరాజపట్నం దగ్గర ఓడల నిర్మాణ కేంద్రం అంటున్నారు. మన మోటుపల్లి ఒకప్పుడు ఎంత పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీదట రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడు అని. ప్రకాశం జిల్లా అంటే అదీ.

---

గెలాక్సీ_రాయి | 7:41

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా.

---

ఒంగోలుగిత్త | 7:43

2022 దాకా మాదే.

---

నిర్వాహకుడు | 7:50

జిల్లాల పంచాయితీకి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఓడలు మాత్రమే.

---

బోగోలు_కుర్రోడు | ఉదయం 9:10

కట్టొచ్చు అన్నా, కానీ ఉక్కు కోయడం వచ్చినంత మాత్రాన క్రూజ్ ఓడ కట్టడం రాదు. జపాన్‌లో మిత్సుబిషి సంగతి చూడు. నాగసాకిలో యుద్ధనౌకలు కట్టిన చేతులు. 2011లో ఒక జర్మన్ బ్రాండుకు రెండు క్రూజ్ ఓడలు ఒప్పుకున్నారు. మొదటిది ఏడిఏప్రిమా, ఏడాది ఆలస్యంగా 2016 మార్చిలో ఇచ్చారు. కట్టేటప్పుడే లోపల మంటలు కూడా లేచాయి. నష్టం 20 వేల కోట్ల యెన్లు దాటింది. ఇక పెద్ద క్రూజ్ ఓడలు మా వల్ల కాదని అదే ఏడు చెప్పేశారు. ఉక్కు దగ్గర వాళ్లు తప్పలేదు. వందలమంది సప్లయర్లు, లోపలి అలంకరణ, వైఫై, ఏసీ, థియేటర్, కస్టమర్ మధ్యలో మార్పులు అడగడం, అక్కడ మునిగారు.

చైనా వేరే దారిలో పోయింది. ఇటలీలో ఓడలు కట్టే ఫింకాంటియేరి కంపెనీతో చేతులు కలిపి, వాళ్ల గీతల మీదే మొదటి ఓడ అడోరా మ్యాజిక్ సిటీ షాంఘైలో కట్టింది. 2024 జనవరి 1న మొదటి ప్రయాణం. దాంట్లో రెండున్నర కోట్ల విడిభాగాలంట.

మనకూ చరిత్ర లేకపోలేదు. విశాఖలో జలఉష 1948లోనే నీళ్లలో దిగింది, నెహ్రూ చేతుల మీదుగా. కొచ్చిన్‌లో విక్రాంత్ కట్టి 2022లో నేవీకి ఇచ్చాం. కానీ ఐదు వేలమందికి హోటల్ కట్టి దాన్ని తేలేలా చేయడం ఇంకో విద్య. ముందు గదుల ఫ్యాక్టరీ, తేనెపట్టు రాయి, కుర్చీలు, కేబుళ్లు, ఇవి మన దగ్గర మొదలైతే ఓడ దానంతటదే వస్తుందని నా నమ్మకం. గెలాక్సీ అన్నా, నీ గురించే మాట్లాడుతున్నా.

---

గెలాక్సీ_రాయి | 9:14

విన్నాను. షీటు ధర కనుక్కుంటున్నా.

---

ముత్తుకూరు_టగ్గు | 9:40

మన రేవులకు క్రూజ్ రాదా అని అడుగుతారేమో. లోతుకు కొదవలేదు, పద్దెనిమిది మీటర్లు దిగే బొగ్గు ఓడ వచ్చేచోట తొమ్మిది మీటర్లది రాలేదా. కానీ తెల్ల ఓడను తెచ్చి బొగ్గు పక్కన కడతామా? టెర్మినల్ కావాలి, ఇమిగ్రేషన్ కావాలి, దిగినవాళ్లు పోయి చూసేదేదో ఉండాలి. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ తెరిచారు. అంతకు ముందు ఏడాది కార్డీలియా కంపెనీ ఓడ ఎంప్రెస్ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. అది కొత్తదేమీ కాదు, 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది, 48 వేల టన్నేజి. మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలకని అప్పట్లో గీసిన ఓడ కాబట్టి మనకు బాగా సరిపోయింది.

---

పెన్నాగట్టు | సోమవారం రాత్రి 9:05

రాత్రి భోజనాలప్పుడు అమ్మకు మొత్తం చెప్పాను. ఇసుక బస్తాలు, ట్యాంకరు, బాబాయి పందిరి, గుండు. ఫార్ములా ఒక్కటీ చెప్పలేదు. గుండు దగ్గర ఆపింది. "మీ నాయన ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గుండు సరిగ్గా పట్టలేదని గోడ పడగొట్టించాడు, గుర్తుందా" అంది. నాకు గుర్తులేదు, నేను మూడో తరగతి.

తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "సరే పడదు. నిప్పు అంటుకుంటే?"

---

బోగోలు_కుర్రోడు | 10:15

అమ్మకు నమస్కారం చెప్పన్నా. ఓడను పొడుగునా నలభై, మహా అయితే నలభై ఎనిమిది మీటర్లకొక గదిలా విడగొడతారు, అడుగు నుంచి పై దాకా నిప్పును ఆపే గోడలతో. ఒకదాంట్లో అంటుకుంటే పక్కదాంట్లోకి పోకుండా తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. 2010 జులై నుంచి కట్టే పెద్ద ప్రయాణికుల ఓడలకు ఇంకో రూలు వచ్చింది. ఒక భాగం కాలిపోయినా, ఒక అర నీళ్లతో నిండినా, ఓడ తన సొంత ఇంజన్‌తో రేవుకు తిరిగి రాగలగాలి. అందుకే ఇంజన్ గదులు రెండు, వేర్వేరు. నేను లాగే కేబుళ్లు కూడా రెండు దారుల్లో పోతాయి, ఒక దారి కాలితే రెండో దారి. ఒక్కోసారి విసుగొస్తుంది, ఇదివరకే లాగాం గదా అని. ఇక విసుక్కోను.

---

ఉలవపాడు_మామిడి | 10:31

ఎక్కిన వెంటనే డ్రిల్లు ఉంటుంది, ప్రమాదం వస్తే ఎక్కడికి పోవాలో చూపించేది. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కంకార్డియా బండకు తగిలి 32 మంది పోయాక, ఓడ కదలకముందే డ్రిల్లు చేయాల్సిందే అని పట్టుబట్టారు. ఇప్పుడు కొన్ని కంపెనీల ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, మీ స్టేషనుకు పోయి కనపడి వస్తే చాలు. ఎనిమిది మందీ పోండి. "మీరు పోయి రండి, నేను పిల్లోడితో ఉంటా" అంటే కుదరదు, పిల్లోడిని కూడా తీసుకురమ్మంటారు.

---

పెన్నాగట్టు | మంగళవారం ఉదయం 7:15

అమ్మ పాస్‌పోర్టుకు ఫొటో తీయించడానికి పోతున్నాం. ఒక షరతు పెట్టింది, బాల్కనీ వద్దంట, పైన వద్దంట, "గుండు తక్కువ ఊగే చోట గది తీసుకో" అంటోంది. ఏ డెక్ తీసుకోమంటారు?

---

ముత్తుకూరు_టగ్గు | 7:32

అమ్మ అడిగింది కరెక్ట్. కింది డెక్, పొడుగులో నట్టనడుమ. తూగుడుబల్ల మధ్యలో కూర్చున్నవాడికి కడుపులో తిప్పదు.

---

ఉలవపాడు_మామిడి | 7:50

రెండు గదులకు మధ్య తలుపున్నవి అడగండి, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు. బుక్ చేసే ముందు డెక్ ప్లాన్ తెరిచి మీ గది నెత్తిన ఏముందో చూడండి. గదులుంటే సరే. వంటిల్లు ఉంటే తెల్లారుజామున నాలుగింటికి ట్రాలీల చప్పుడు. లిఫ్టుకు ఆనుకుని వద్దు, మూడు నాలుగు గదుల అవతల. అమ్మకు మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నడవా చాలా పొడుగు.

---

పెన్నాగట్టు | 7:58

మోకాళ్లు బాగానే ఉన్నాయి. పెరుగు దొరుకుతుందా అని అడగమంటోంది.

---

ఉలవపాడు_మామిడి | 8:04

దొరుకుతుంది. పుల్లగా ఉండదు, అది ముందే చెప్పండి.